కానుక పిల్లలకి, కిస్తీ కూడా పిల్లలకే

క్రిస్మస్ అయిపోయి పిల్లలు బడికి రాగానే ఒక ప్రశ్న వేయడం నాకు చాలా ఏళ్లు అలవాటు. "పండక్కి ఎవరికి ఏం కొన్నారు?" డీఎడ్ చదివేటప్పుడు పిల్లల సొంత అనుభవం నుంచి పాఠం మొదలుపెట్టాలని మాకు నేర్పారు. నేను అదే చేస్తున్నాననుకునేవాడిని. పిల్లల నోళ్లు తెరుచుకుంటాయి, తరగతి కళకళలాడుతుంది, ఆ తర్వాత పాఠం సాఫీగా నడుస్తుంది అనుకునేవాడిని.

ఒక ఏడాది మూడో తరగతి పిల్లాడొకడు లేచి "సైకిలు సార్" అన్నాడు. తరగతంతా వాడివైపు తిరిగింది. పక్కన కూర్చున్నవాడు వెంటనే "అబద్ధం సార్, వాడికి చొక్కా కూడా కొనలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పిల్లాడు కూర్చున్నాడు. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. జ్వరమనుకున్నాను. నాలుగో రోజు వాళ్ల నాన్న నా దగ్గరికి వచ్చాడు. "మాస్టారూ, పాత సైకిలు ఎక్కడైనా దొరుకుద్దా? రెండు వేలలో సూడండి. ఎవుల దగ్గరైనా తెచ్చి ఇస్తాను" అన్నాడు.

ఎవరి దగ్గరైనా తేవడమంటే అప్పు తేవడమే. ఆ అప్పు ఆ ఇంట్లోకి పంపింది సావుకారు కాదు. నా ప్రశ్న.

ఈ వ్యాసం ఆ రోజు నుంచి నా మనసులో ఉంది. మన్యంలో మన తల్లిదండ్రులు క్రిస్మస్‌కి పిల్లల కానుకల మీద పెడుతున్న ఖర్చు ఇక వాళ్ల సొంత విషయం కాదు. అది అప్పుగా మారింది. ఆ అప్పు తీర్చేది చాలా ఇళ్లలో ఆ పిల్లలే. ఈ మాట ఎవరికైనా కోపం తెప్పిస్తే తెప్పించనీ.

ముందుగా ఒక సంగతి

క్రిస్మస్ గురించి రాస్తే మతం గురించి రాశాడంటారు. మా ఇంట్లో సగం మంది జాకర దగ్గర కోడిని కోస్తారు, సగం మంది చర్చిలో పాట పాడతారు. ఇద్దరం ఒకే పొయ్యి దగ్గర తింటాం. ఎవరు ఎవరిని మొక్కాలన్నది నేను చెప్పేది కాదు. ఆదివాసి చర్చికి వెళ్తే ఆదివాసి కాకుండా పోతాడని అనేవాళ్లతో నాకు స్నేహం లేదు. అలాంటివాళ్లు ఈ వ్యాసాన్ని పట్టుకుని ఊగవద్దని ముందే చెబుతున్నాను. మా ఊళ్లో క్రిస్మస్ పాతికేళ్ల కిందటా ఉంది. అప్పుడు ఈ ఖర్చు లేదు. రాత్రి పెట్రోమాక్స్ లైటు పట్టుకుని ఇంటింటికీ తిరిగి పాడేవారు. చర్చి ముందు పందిరి వేసి, ఊరంతా కలిసి వండుకుని తినేవారు. జాకరను మొక్కేవాళ్లు కూడా ఆ పంక్తిలో కూర్చునేవారు. పండుగ అదే. మారింది పండుగ పక్కన తెరిచిన దుకాణం.

ఆ దుకాణం డిసెంబరులోనే ఎందుకు తెరుచుకుంటుందో ఆలోచించండి. పాడేరు, అరకు, చింతపల్లి వైపు మన చేతికి ఏడాదిలో కాస్త పెద్ద డబ్బు వచ్చేది కాఫీ నుంచే. నవంబరులో పళ్లు ఎర్రబడతాయి, జనవరి దాకా కోత నడుస్తుంది. రాజ్‌మా అమ్మిన డబ్బులు కూడా ఆ దగ్గర్లోనే వస్తాయి. సరిగ్గా అప్పుడే కింద నుంచి వ్యాన్లు ఎక్కి వస్తాయి. సంతలో ఉల్లిపాయలు, ఎండు చేపలు అమ్మే చోట ప్లాస్టిక్ నక్షత్రాలు, మెరుపు కాగితాలు, తాత టోపీలు, రిమోట్ కార్లు, జలతారు ఫ్రాకులు కుప్పలు పోస్తారు. మన పంట ఎప్పుడు చేతికి వస్తుందో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

1/70 చట్టం మన భూమిని గిరిజనేతరుల చేతికి పోకుండా కాపాడాలని వచ్చింది. దానికోసం మన పెద్దలు ఎంత పోరాడారో ఈ పుస్తకం చదివేవాళ్లకు చెప్పనక్కర్లేదు. భూమి మన పేరు మీదే ఉంది. కానీ భూమి మీద పండింది డిసెంబరు నెల దాటకుండానే కొండ దిగిపోతుంటే, ఆ పట్టా కాగితం పెట్టెలో పెట్టుకుని ఏం లాభం?

ఒక ఇంటి లెక్క

ఊరికే మాటలు చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒక ఇంటి లెక్క చెబుతాను. ఆ ఇంటి తల్లి తన నోటితో చెబితే నేను నోటుబుక్కులో రాసుకున్న లెక్క ఇది. ముగ్గురు పిల్లలు. పెద్దవాడు ఇంటర్, అమ్మాయి పదో తరగతి, చిన్నవాడు రెండో తరగతి. ఎకరం కాఫీ, అందులోనే మిరియాల పాదులు.

ముగ్గురికీ కొత్త బట్టలు 5,400. బూట్లు, చెప్పులు 2,300. చిన్నవాడికి రిమోట్ కారు 1,100. అమ్మాయికి గిల్టు దిద్దులు, గాజులు, ఒక సంచి కలిపి 900. పెద్దవాడికి ఫోను 11,500. కేకు, చాక్లెట్లు 800. మొత్తం 22,000 రూపాయలు.

2025లో ఒక బిడ్డ ఏడాది చదువుకని ప్రభుత్వం తల్లి ఖాతాలో వేసింది 13,000. ఈ ఇంట్లో పది రోజుల్లో 22,000 దాటిపోయింది.

ఆ డబ్బు ఎక్కడిదో కూడా అడిగాను. అప్పటిదాకా అమ్మిన కాఫీ నుంచి చేతిలో ఉన్నది 7,000. మిరియాలు కోయకముందే సావుకారు దగ్గర తెచ్చుకున్నది 6,000. మిగతాది వారం వారం మోటారు సైకిలు మీద వచ్చే ఫైనాన్సు మనిషి దగ్గర. అతను కాగితం మీద రాసింది 10,000. కాగితం ఖర్చని వెయ్యి పట్టుకుని చేతిలో పెట్టింది 9,000. వారానికి 500 చొప్పున 24 వారాలు కట్టాలి. అంటే 12,000. తొమ్మిది వేలకి ఆరు నెలలు తిరక్కుండా మూడు వేలు వడ్డీ.

ఇక మిరియాలు. ముందు డబ్బు తీసుకున్నారు కాబట్టి సావుకారు చెప్పిన ధరకే ఇవ్వాలి. కిలోకి 80 రూపాయలు తక్కువ కట్టాడు. యాభై కిలోలు వచ్చాయి. అక్కడ పోయింది నాలుగు వేలు. ఈ నాలుగు వేలను ఆ తల్లి అప్పు కింద లెక్కేయలేదు. "అది అప్పు కాదు మాస్టారూ, మిరియాలు ఇచ్చేశాం కద" అంది. సావుకారు తెలివంతా అక్కడే ఉంది. వడ్డీ అని పేరు పెడితే కనపడుతుంది. ధర తగ్గించి తీసుకుంటే ఎవరికీ కనపడదు.

మొత్తం కలిపితే 22,000 కానుకల ఖరీదు 29,000. డిసెంబరు మూడో వారంలో తెచ్చిన అప్పు జూన్‌లో మళ్లీ బడి తెరిచేవేళకి తీరుతుంది. రిమోట్ కారు సంక్రాంతికే చక్రాలు ఊడి చూరు కింద పడి ఉంది.

వారానికి 500 అంటే పెద్దదేం కాదనిపిస్తుంది. ఉపాధి పనిలో రోజుకి మూడొందల చిల్లర వచ్చినా దాదాపు రెండు రోజుల కూలి అది. పని దొరకని వారం కూడా ఫైనాన్సు మనిషి వస్తాడు. గుమ్మంలో బండి ఆపి, హారన్ కొట్టి, ఊరంతా వినేలా పేరు పెట్టి పిలుస్తాడు.

ఆ అప్పు ఎవరు తీర్చారు

ఆ ఇంటి అమ్మాయి మా ఆశ్రమ పాఠశాలలోనే చదివేది. డిసెంబరు 24న పండక్కి ఇంటికి వెళ్లింది. రెండు రోజుల్లో రావాలి. రాలేదు. సంక్రాంతి సెలవులు వచ్చాయి, అయిపోయాయి. అప్పటికీ రాలేదు. పదో తరగతి. మార్చిలో పబ్లిక్ పరీక్ష. నేను ఊరికి వెళ్లాను. ఇంటి దగ్గర లేదు. వేరేవాళ్ల తోటలో కాఫీ పళ్లు కోస్తోంది. నన్ను చూసి బుట్ట కింద పెట్టి నిలబడింది. "ఎప్పుడొస్తావమ్మా?" అంటే తల వంచుకుని "మంగళారం వాడొస్తాడు సార్. అమ్మ ఒక్కతే కోస్తే అయిదొందలు అవ్వవు" అంది.

పెద్దవాడు ఏడని అడిగాను. టవర్ దొరికే గట్టు మీద ఉన్నాడట, ఫోనుతో.

ఆ కుర్రాడిని నేను తిట్టడం లేదు. వాడికి కొనిచ్చారు, వాడు చూసుకుంటున్నాడు. నేను అడుగుతున్నది ఇది: 11,500 పెట్టి అన్నకి కొన్న ఫోను కిస్తీని 900 కానుక అందుకున్న చెల్లెలు ఎందుకు కట్టాలి? పండుగ పూట ముగ్గురినీ సమానంగా చూశామని ఆ తల్లీ తండ్రీ నిజంగానే నమ్మారు. కూర్చుని కాగితం మీద రాసేదాకా ఆ లెక్క వాళ్లకి కనపడలేదు. రాశాక తల్లి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆడగుంటకి ఇంక ఏటి కొంటాం మాస్టారూ" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. మనందరి ఇళ్లలో ఉన్న మాటే కదా అది.

అమ్మాయిని ఫిబ్రవరిలో తీసుకొచ్చాం. పరీక్ష రాసింది. లెక్కల్లో తప్పింది. సప్లిమెంటరీకి రాలేదు.

ఒక్క కానుక వల్లే చదువు పోయిందని నేను అనను. మన పిల్లలు లెక్కల్లో తప్పడానికి పంతులు లేని నెలలు, అర్థం కాని భాష, తిండి, రక్తహీనత, ఇలా చాలా ఉన్నాయి. కానీ ఆ ఆరు వారాలు మాత్రం ఈ అప్పు తిన్నవే. హాజరుపట్టీలో నా చేత్తో నేనే గైర్హాజరు వేశాను.

రేటు పెంచింది మనమే

తప్పంతా సావుకారు మీద, ఫైనాన్సు మనిషి మీద తోసేస్తే వ్యాసం సుఖంగా ముగుస్తుంది. ఈ పుస్తకంలో అలాంటి వ్యాసాలు నేను కూడా రాశాను. ఈసారి అలా ముగించను.

మా ఊళ్లో పిల్లాడికి మొదటిసారి బ్యాటరీ కారు కొన్నది ఎవరో నాకు బాగా తెలుసు. నేనే. పదేళ్లు దాటింది. జీతం వచ్చింది, విశాఖపట్నం వెళ్లాను, తొమ్మిది వందలు పెట్టి కొన్నాను. క్రిస్మస్ పొద్దున్న మా వాడు దాన్ని వీధిలోకి తెచ్చాడు. ఊళ్లో పిల్లలంతా దాని వెనక పరిగెత్తారు. నాకు గర్వమనిపించింది. నేను చిన్నప్పుడు చూడనిది నా కొడుకు ఆడుతున్నాడని కళ్లు చెమర్చాయి కూడా. మర్నాటి ఏడు మూడిళ్లలో కార్లు వచ్చాయి. ఆ మూడిళ్లలోనూ జీతం లేదు.

టీచర్లు, కార్యదర్శులు, నర్సులు, కానిస్టేబుళ్లు, మనలో ఉద్యోగాలు వచ్చినవాళ్లంతా వినండి. ఊళ్లో పండుగ ఖర్చుకి రేటు కడుతున్నది మనమే. మనకి నెల నెలా జీతం వస్తుంది. పక్కింటివాడికి ఏడాదికి ఒకసారి కాఫీ వస్తుంది. మనం జీతంతో కొన్నదాన్ని అతను పంటతో కొనలేడు, అప్పుతో కొంటాడు. మన పిల్లాడి బూటు చప్పుడు అతని గుమ్మంలో వినపడుతుంది. ఆ రాత్రి అతని పిల్లాడు ఏం అడుగుతాడో మనకి వినపడదు.

ఫొటోల సంగతి సరేసరి. స్టేటస్‌లో పెట్టకపోతే కానుక కానుక కాదు. నక్షత్రం కింద పిల్లల్ని నిలబెట్టి, డబ్బా కనపడేలా పట్టించి, పేరు ముందు అక్షరాలతో సహా పెడుతున్నాం. మాంసం కోసుకుంటే ఆకులో చుట్టి పక్కింటికి పంపే ఊరు మనది. ఇప్పుడు పక్కింటికి బొమ్మ మాత్రమే పంపుతున్నాం.

బళ్లలో మనం చేస్తున్నది ఇంకా ఘోరం. సెమీ క్రిస్మస్ అని పెట్టి, చీటీలు తీయించి, ఒకరికొకరు కానుక తెచ్చుకోమంటాం. వంద లోపే తెమ్మన్నాం కదా అంటాం. ఆ వంద కోసం ఆ పిల్ల ఎవరిని అడిగిందో మనం అడగం. హాస్టల్లో ఉన్న పిల్ల వంద రూపాయల కోసం ఇంటికి ఫోను చేయించిందంటే, ఆ ఇంట్లో ఒక కోడి సంతకి వెళ్లిందని అర్థం.

వాళ్లు అడిగేవి

ఈ మాటలు ఊళ్లో అన్నప్పుడు నాకు ఎదురొచ్చిన ప్రశ్నలున్నాయి. వాటిని దాచిపెట్టడం న్యాయం కాదు.

మొదటిది: "కిందవాళ్లు సంక్రాంతికి, దీపావళికి తగలేయరా? వాళ్లని ఎవరూ అడగరే. మనం నాలుగు రూపాయలు ఖర్చు పెడితే అందరికీ కళ్లు కుడతాయి." నిజం. గిరిజనుడికి పొదుపు నేర్పుతామని కొండెక్కే పెద్దమనుషుల్ని నేను చాలామందిని చూశాను. వాళ్ల ఇంటి పెళ్లి ఖర్చుతో మా ఊరు ఒక ఏడాది తింటుంది. వాళ్లు చెబితే వినొద్దు. కానీ నేను చెబుతున్నది వాళ్ల మాట కాదు. పోడు కొట్టినవాడి కొడుకుగా, మన తోటలోని మిరియం ఏ ధరకి పోతోందో తెలిసినవాడిగా చెబుతున్నాను. మనం సంతోషపడొద్దని కాదు. మన సంతోషం మీద ఇంకొకడు వడ్డీ తినొద్దని.

రెండోది: "ఫోను చదువుకే కదా?" కరోనా ఏడాదిలో ఫోను లేక మన పిల్లలు ఎంత వెనకబడ్డారో నాకు తెలుసు. చదువుకే అయితే ఇంటికి ఒకటి కొనండి. ముగ్గురూ వాడుకుంటారు. పంట డబ్బు చేతికొచ్చాక కొనండి. పెద్దవాడి పేరు మీద, పండుగ పేరు మీద, కిస్తీ పేరు మీద కొన్నది చదువుకి కొన్నది కాదు.

మూడోది అన్నిటికంటే బరువైంది. "మా చిన్నప్పుడు మాకు ఏదీ లేదు. మా పిల్లలకైనా ఉండొద్దా?" దీనికి నేను తొందరగా జవాబు చెప్పలేను. నేనూ ఆ బాధతోనే ఆ కారు కొన్నాను. మా నాన్న సంత నుంచి తెచ్చే కానుక తువ్వాలు మూటలో గుప్పెడు మరమరాలు, ఒక బెల్లం ముక్క. హాస్టల్లో చేరాక వేరేవాళ్ల పిల్లల రంగు పెన్సిళ్లు చూసి నా మరమరాల సంగతి ఎవరికీ చెప్పలేదు. నాన్న గురించి సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు నా కొడుక్కి రాకూడదనుకున్నాను.

కానీ మనకి అప్పుడు లేనిది బొమ్మ ఒక్కటే కాదు కదా. మా అక్క అయిదో తరగతిలో ఆగిపోయింది. ఆ ఏడాది ఇంట్లో అప్పు ఉంది. అక్క పనికి వెళ్లింది, నేను బడికి వెళ్లాను. నేను డీఎడ్ చదివి మాస్టారునయ్యాను, అక్క ఇవాళ్టికీ వేలిముద్ర వేస్తుంది. మన పిల్లలకి బొమ్మ ఇవ్వడం కోసం మళ్లీ ఒక అక్కని తోటలోకి పంపితే, మన చిన్నతనంలో లేనిది వాళ్లకి ఇచ్చినట్టా, మన చిన్నతనాన్నే వాళ్లకి తిరిగి ఇచ్చినట్టా?

మరమరాల గురించి కూడా ఒక మాట. ఆ మూటకి మా నాన్న ఎవరికీ బాకీ పడలేదు. ఆయన అప్పు చేసింది విత్తనాలకి, జబ్బులకి. మా సరదాకి చేయలేదు. అది నాకు నలభై ఏళ్లు దాటాక అర్థమైంది.

తాత అసలు కథ

క్రిస్మస్ తాత కానుకలు తెస్తాడు కాబట్టి కొనాలి అంటారు కొందరు. ఆ తాత ఎవరో పిల్లలకి చెబుదాం. ఇప్పటి టర్కీ దేశంలో ఉన్న మైరా అనే ఊళ్లో నాలుగో శతాబ్దంలో నికొలస్ అనే బిషప్ ఉండేవాడంటారు. ఆయన గురించి చెప్పుకునే కథల్లో అన్నిటికంటే పేరున్నది ఒక పేద తండ్రి కథ. ముగ్గురు కూతుళ్లు. కట్నం ఇచ్చే స్తోమత లేదు. పిల్లల్ని అమ్ముకోవాల్సిన స్థితి వచ్చింది. నికొలస్ రాత్రిపూట ఎవరికీ తెలియకుండా బంగారు నాణేల మూటలు ఆ ఇంట్లోకి విసిరి వెళ్లిపోయాడు. ఆ పిల్లలు అమ్ముడుపోకుండా మిగిలారు.

కథ నిజమో కాదో నేను చెప్పలేను. కానీ కథలోని కానుక ఏం చేసిందో చూడండి. ఆడపిల్లని లేమి నుంచి విడిపించింది. ఇచ్చినవాడు పేరు చెప్పుకోలేదు. మన కానుక ఆడపిల్లని కాఫీ తోటకి పంపుతోంది. ఇచ్చినవాడు స్టేటస్ పెడుతున్నాడు.

ఎర్ర కోటు, తెల్ల గడ్డం, పొట్ట ఉన్న ఇప్పటి తాత చాలా తర్వాతి మనిషి. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా పత్రికల్లో బొమ్మలుగా పెరిగాడు. 1931 నుంచి కోకాకోలా ప్రకటనల్లో ఆ బొమ్మే ప్రపంచమంతా తిరిగింది. పిల్లలకి క్రిస్మస్ కానుకలు కొని తీరాలన్నది కూడా బైబిలు పెట్టిన నియమం కాదు. బాలయేసు దగ్గరికి తూర్పు జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారు. వాళ్లు తమ పెట్టెల్లో ఉన్నది తెచ్చారు, కిస్తీల మీద తేలేదు. మన లాంటి గొర్రెల కాపరులు కూడా వెళ్లారు. వాళ్లు ఏ కానుకా తెచ్చినట్టు ఆ కథలో లేదు. అయినా వాళ్లనెవరూ వెనక్కి పంపలేదు.

మనకి ఉన్నదేమిటి

మన కొత్త పండుగలు గుర్తు చేసుకోండి. కొర్ర కొత్త, కంది కొత్త, మామిడి కొత్త. చెట్టున కాయ కళ్లెదుట పండి వేలాడుతున్నా, ఊరంతా కలిసి పెట్టుకోకముందు ఒక్క పిల్లాడు కొరకడు. ఎకరం ఉన్నవాడూ, అయిదెకరాలు ఉన్నవాడూ ఒకే రోజు కొత్త తింటారు. ముందుగా తిన్నానని చూపించుకునే వీలు ఆ కట్టుబాటులో లేదు. దాన్ని బయటివాళ్లు మూఢనమ్మకం అన్నారు. నాకైతే అది పిల్లలకి సిగ్గు తెలియకుండా పెంచిన పద్ధతిగా కనపడుతోంది. అందరి పిల్లలూ ఒకే రోజు ఒకే రుచి చూస్తే, తరగతిలో ఏ మాస్టారు ఏం అడిగినా ఎవరూ అబద్ధం చెప్పనక్కర్లేదు.

అంతా బంగారమని అనను. మన పండుగల్లోనూ సారాకి అప్పు చేసిన ఇళ్లు నాకు తెలుసు. ఓలి కోసం, చావు విందు కోసం చేసిన అప్పుకి పాలేరుతనం చేసి, ఆ అప్పు కొడుకులకి వదిలిపోయిన తాతలు మనకి ఉన్నారు. వెట్టిని, పాలేరుతనాన్ని రద్దు చేస్తూ 1976లో చట్టం వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో లైసెన్సు లేకుండా వడ్డీ వ్యాపారం కుదరదని అంతకుముందే, 1960లో రెగ్యులేషన్ ఉంది. ప్రైవేటు వ్యాపారుల చేతిలో మోసపోకూడదనే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. ఇన్ని ఉన్నా మంగళవారం వాడు వస్తూనే ఉన్నాడు. ఎందుకంటే ఇప్పుడు వాడు బలవంతంగా రావడం లేదు. మన పిల్లల మీద మనకున్న ప్రేమ దారిలో నడిచి వస్తున్నాడు.

ఏం చేద్దాం

నేను అడిగేవి పెద్దవేం కావు.

టీచర్లకి: సెలవుల తర్వాత "ఏం కొన్నారు" అని అడగడం మానేద్దాం. బళ్లో కానుకల చీటీలు ఆపేద్దాం. లెక్కల పీరియడ్‌లో ఒక రోజు కిస్తీ లెక్క చేయిద్దాం. తొమ్మిది వేలు తెస్తే పన్నెండు వేలు ఎందుకు కట్టాలో ఏడో తరగతి పిల్లకి చెబితే అర్థమవుతుంది. ఇంటికెళ్లి నాన్నకి చెబుతుంది. డిసెంబరు 26 నుంచి రాని పిల్లల పేర్లు రాసుకుని, సంక్రాంతి దాకా ఆగకుండా ఊరికి వెళదాం.

ఉద్యోగస్తులకి: మీ పిల్లలకి ఏం కొనుక్కుంటారో మీ ఇష్టం. వీధిలో, ఫోనులో చూపించకండి. మిగిలే డబ్బు ఉంటే ఊళ్లో పిల్లలందరికీ పనికొచ్చేది ఒకటి కొనండి. ఒక వాలీబాలు, ఒక క్యారమ్ బోర్డు చాలు.

చర్చి పెద్దలకీ, కులపెద్దలకీ: ఓలి ఎంతుండాలో, తప్పు ఎంత కట్టాలో కూర్చుని తేల్చినవాళ్లం మనం. పిల్లల కానుక కూడా తేల్చుకోవచ్చు. ఊరంతటికీ ఒకే మాట. ఒక బిడ్డకి ఒక జత బట్టలు. పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగినప్పుడు వచ్చిన డబ్బులో సగం పక్కన పెట్టి, అందరి పిల్లలకీ ఒకే రకం కొంటే ఎవరి మీదా భారం పడదు.

ఆ కొనేది స్వెటర్ అయితే ఇంకా మంచిది. డిసెంబరులో మన దగ్గర చలి ఎలా ఉంటుందో చెప్పాలా? లంబసింగి చలి చూడటానికి కార్లేసుకుని వస్తారు జనం. ఆ చలిలో మన ఆడపిల్లలకి చేతుల్లేని జలతారు ఫ్రాకు వేసి తెల్లారుజామున చర్చికి తీసుకెళుతున్నాం. పళ్లు కొట్టుకుంటుంటే ఫొటో తీస్తున్నాం. ఆ ఫ్రాకు ఒక్కసారి తొడిగి దాచేస్తారు, మర్నాటి ఏడు పొట్టి అయిపోతుంది. స్వెటర్ మూడు నెలలు ఒంటి మీద ఉంటుంది.

తల్లిదండ్రులకి: పంట కోయకముందు పండుగ కోసం డబ్బు తేవద్దు. జబ్బుకి తెచ్చారంటే అర్థముంది. రిమోట్ కారు కోసం మిరియాలు తాకట్టు పెట్టొద్దు. ఆడపిల్లకి ఎంత, మగపిల్లాడికి ఎంత అని పండుగ ముందు ఒక కాగితం మీద రాయించుకోండి. చదువు రాకపోతే మీ పిల్లల చేతే రాయించండి. ఎవరు తీరుస్తారన్నది కూడా ఆ కాగితం మీదే రాయించండి.

యువకులకి, ముఖ్యంగా ఫోను చేతికొచ్చిన అన్నలకి: మీ చెల్లెలు పదో తరగతిలో ఉంటే, ఆ కిస్తీ మీరు కట్టండి. తోటలోకి మీరు వెళ్లండి.

నా మాట వినకపోయినా ఫర్వాలేదు. నవంబరు చివర్లో, వ్యాన్లు కొండెక్కకముందే, ఒక సాయంత్రం ఊళ్లో కూర్చుని పోయిన ఏడాది లెక్క వేసుకోండి. ఎంత కొన్నాం, ఎక్కడ తెచ్చాం, ఎప్పటికి తీరింది, ఎవరు బడి మానారు. ఈ నాలుగూ పైకి చదివితే చాలు.

నేను ఇప్పుడు ఆ పాత ప్రశ్న అడగడం లేదు. "పండక్కి ఎవరింట్లో తిన్నారు? ఎవరు వచ్చారు?" అని అడుగుతున్నాను. ఈ ప్రశ్నకి ఇంతవరకు ఏ పిల్లా తల దించుకోలేదు. కానీ తరగతిలో నేను ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఖాళీగా ఉండే బల్లలు ప్రతి జనవరిలోనూ కొన్ని ఉంటూనే ఉన్నాయి. వాళ్లని ఏం అడగాలో నాకు తెలియదు. వాళ్లు మనల్ని అడగాలి.